1500 డాలర్లలో కస్టమ్ రైఫిల్ అవుతుందా అన్నా?

ఈసారి అమెరికాలోని కాన్సాస్ నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. కొంచెం కుదించి పెడుతున్నా.

"అన్నా, గ్రీన్ కార్డు వచ్చి ఏడాదైంది. పోయినేడు షాపులో పాత సావేజ్ 11 రైఫిల్ ఒకటి కొన్నా, .223 క్యాలిబర్, సన్న బ్యారెల్, 400 డాలర్లు. ఫ్రెండ్ వాళ్ళ పొలంలో ప్రెయిరీ డాగ్స్ (బొరియల్లో ఉండే ఉడత జాతి జంతువులు) విపరీతం, పశువుల మేత అంతా తినేస్తున్నాయి, వచ్చి కాల్చుకోమన్నాడు. రేంజిలో 100 గజాల్లో ఒకసారి మూడు తూటాలు అర అంగుళంలో పడ్డాయి, వెంటనే ఇంకో మూడు కాలిస్తే అంగుళంన్నర. రేంజిలో ఒకాయన దీన్ని అమ్మేసి కస్టమ్ యాక్షన్ (బ్యారెల్ వెనకుండే రిసీవర్ అనే గూడు, అందులో తూటాని మూసే బోల్ట్) కొని రైఫిల్ కట్టించుకో అన్నాడు, లెక్కేస్తే 3500 తేలింది. నా దగ్గర ఉన్నది 1500, అదీ ఇంట్లో ఒప్పించుకుని. 22-250 అనే పెద్ద తూటాకి మారాలా? బ్యారెల్ నేనే మార్చుకోవచ్చా? పావు అంగుళం గ్రూపు (తూటాలన్నీ అంత మేరలోనే పడటం) వస్తుందా?"

తమ్ముడూ, ముందు నీ రైఫిల్ అమ్మకు. నీకు సలహా ఇచ్చినాయన తప్పు చెప్పలేదు, ఆయన బెంచ్‌రెస్ట్ (బల్ల మీద ఆనించి కాల్చే పోటీ) మనిషై ఉంటాడు, వాళ్ళ లోకం వేరు, వాళ్ళు ఒకే కన్నంలో ఐదు తూటాలు పెట్టడానికి పుట్టినవాళ్ళు, ఆ లెక్కలో నీ సావేజ్ నిజంగానే చాలదు. కానీ నువ్వు కొట్టాల్సింది నిలబడితే అడుగు ఎత్తు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు ఉండే జంతువుని. వంద గజాలకి ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 1.047 అంగుళాలు, మనం అంగుళం అనుకుందాం, 300 గజాలకి అది మూడు అంగుళాల చిల్లర. అంటే నిజంగా అంగుళం రైఫిల్ నీ చేతిలో ఉంటే, నిజంగా అనే మాట గుర్తుపెట్టుకో, 250 దాకా రైఫిల్ వల్ల గురి తప్పదు, ఆ తర్వాత తప్పేది గాలి వల్ల. పావు అంగుళం రైఫిల్ కోసం ఇంకో రెండు వేలు తగలేసినా ఆ గాలి నీకు డిస్కౌంట్ ఇవ్వదు.

ఇప్పుడు నీ అర అంగుళం, అంగుళంన్నర సంగతి. అందరూ ఇక్కడే పడతారు, నేనూ పడ్డా. మూడు తూటాల గ్రూపు అనేది చాలా తిక్క కొలత. లెక్క ప్రకారం చూస్తే, సగటున మూడు తూటాలకి అంగుళం వేసే రైఫిల్ ఏమీ మారకుండానే ఒకసారి అర అంగుళం వేస్తుంది, ఒకసారి అంగుళంన్నర వేస్తుంది, రెండూ దాని సహజమే. అదే రైఫిల్‌తో ఒకే కాగితం మీద పది కాలిస్తే అంగుళంన్నర దాటుతుంది, ఎందుకంటే ఎక్కువ కాల్చేకొద్దీ దూరంగా పడే తూటా కూడా ఎప్పుడో ఒకసారి పడి తీరుతుంది కదా. కాబట్టి నీ రైఫిల్ ఒకసారి బాగా కాల్చి, ఇంకోసారి పాడైపోలేదు, రెండుసార్లూ ఒకేలా కాల్చింది, నువ్వు చూసిన కిటికీ చిన్నది అంతే. జేబులో అర అంగుళం టార్గెట్ కాగితం పెట్టుకుని తిరిగే జనం ఉన్నారు, ఆ కాగితానికి ముందూ వెనకా కాల్చిన కాగితాలు చెత్తబుట్టలో ఉంటాయి.

అందుకే ఒక్క డాలర్ ఖర్చు పెట్టకముందు ఒక పని చెయ్. ఒకే రకం తూటాలు, ఒకే డబ్బా, గాలి లేని పొద్దున పూట, ముందు బ్యాగ్ వెనక బ్యాగ్ పెట్టుకుని పది తూటాలు ఒకే చుక్క మీద, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చు. సన్న బ్యారెల్ కాబట్టి మూడు కాల్చి పది నిమిషాలు ఆగు. ఆ పది తూటాల కొలతే నీ అసలు కొలత, ఇక మీద ఏం మార్చినా దాంతోనే పోల్చుకోవాలి. అది లేకుండా పార్టులు కొంటే, ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో నీకెప్పటికీ తెలీదు.

ఆ పది కాల్చేముందు ఇంకోటి, స్కోప్‌ని రైఫిల్‌కి పట్టించే బేస్, రింగుల స్క్రూలు. నాకు ఒక ఎండాకాలం మొత్తం దీంతో పోయింది. స్టాక్ (రైఫిల్ కూర్చునే చెక్క లేదా ప్లాస్టిక్ చట్రం) మార్చా, తూటాలు ఆరు రకాలు మార్చా, ట్రిగ్గర్ మార్చా, గ్రూపు మాత్రం రెండు చోట్ల పడేది, ఇక్కడ నాలుగు అక్కడ నాలుగు. చివరికి స్కోప్ విప్పి చూస్తే బేస్ ముందు స్క్రూ వేలితో తిరుగుతోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఆ వేసవంతా నేను తూటాల కంపెనీలని తిట్టుకుంటూ గడిపా. కాబట్టి స్కోప్ విప్పు, బేస్ స్క్రూల నూనె తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చిన్న చుక్క వేసి మళ్ళీ బిగించు. రింగుల పై స్క్రూలు చాలా కంపెనీలు 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు అని రాస్తాయి, చేతి అంచనాతో కాకుండా చిన్న టార్క్ రెంచ్ కొనుక్కో, అది జీవితాంతం పనికొస్తుంది. ఎక్కువ బిగిస్తే స్కోప్ గొట్టం నలుగుతుంది, అది ఇంకో దరిద్రం.

రెండోది కాగితం ముక్క పరీక్ష. ఒక డాలర్ నోటు తీసుకుని బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగు, రిసీవర్ దాకా తగలకుండా రావాలి. నీ రైఫిల్‌కి ఫ్యాక్టరీ ప్లాస్టిక్ స్టాక్ ఉండుంటుంది, బల్ల మీద పెట్టి చూస్తే నోటు హాయిగా జారుతుంది, సరే అనుకుంటావు. ఇప్పుడు బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ళ స్టాండు) వేసి, కాల్చేటప్పుడు నొక్కినట్టు భుజంతో ముందుకి నొక్కి పట్టుకో, ఇంకొకళ్ళని నోటు లాగమను. ఇరుక్కుంటుంది చూడు! ఆ స్టాక్ ముందు భాగం రబ్బరు లాగ వంగుతుంది, వంగి బ్యారెల్‌ని తాకుతుంది, నువ్వు ఒక్కోసారి ఒక్కోలా నొక్కుతావు కాబట్టి తూటా ఒక్కోసారి ఒక్కో చోటికి పోతుంది. సగం మంది 'నా బ్యారెల్ బాగోలేదు' అని ఏడ్చేది దీనికే.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి అన్న అసలు ప్రశ్న. నా మాట ఏంటంటే బ్యారెల్‌కి డబ్బు పెట్టు, మిగతా వాటన్నిటికీ ఓపిక పెట్టు. రైఫిల్ గురిలో సింహభాగం బ్యారెల్‌ది, ఆ తర్వాత తూటాది, ఆ తర్వాత అది స్టాక్‌లో కూర్చున్న తీరుది. యాక్షన్ అనేది బ్యారెల్ వెనక తలుపు లాంటిది, తలుపు గట్టిగా సూటిగా పడితే చాలు, దానికి వెండి తాపడం అక్కర్లేదు. కస్టమ్ యాక్షన్ చేతిలోకి తీసుకుంటే బోల్ట్ వెన్నలా జారుతుంది, ఒప్పుకుంటా, నాకూ కావాలనిపిస్తుంది, కానీ ఆ వెన్న టార్గెట్ మీద నీ దూరాల్లో పెద్దగా కనపడదు.

నీ అదృష్టం ఏంటంటే నువ్వు తెలిసో తెలీకో సావేజ్ కొన్నావు. 1958లో 110 మోడల్‌తో నికొలస్ బ్రూవర్ అనే ఆయన డిజైన్ చేసిన పద్ధతి ఇది, అప్పట్లో ఉద్దేశం చవగ్గా తయారు చెయ్యడం. మామూలు రైఫిల్‌లో బ్యారెల్ భుజం రిసీవర్‌కి ఆని ఆగాలి, అందుకని ఒక్కో బ్యారెల్‌ని లేత్ మీద ఆ యాక్షన్‌కి సరిపడా కోసుకోవాలి. సావేజ్‌లో బ్యారెల్ మీద ఒక నట్ ఉంటుంది, బ్యారెల్‌ని లోపలికి తిప్పి, కొలత దగ్గర ఆపి, నట్ బిగిస్తే అయిపోయింది. పైగా బోల్ట్ తల విడిగా కాస్త ఆడుతుంది కాబట్టి లగ్స్ (బోల్ట్‌ని తాళం వేసే పళ్ళు) తమంతట తామే సర్దుకుంటాయి. ఖర్చు తగ్గించడానికి చేసిన పని యాభై ఏళ్ళ తర్వాత మనలాంటి పేద కస్టమ్ గాళ్ళకి వరమైంది. రెమింగ్టన్ 700 (1962లో వచ్చింది) మీద బయట దొరికే పార్టులు ఇంకా ఎక్కువ, ఐతే దానికి బ్యారెల్ మామూలుగా గన్‌స్మిత్ (తుపాకీ మెకానిక్) చేత వేయించాలి, ఆ మనిషి కూలి, నెలల తరబడి వెయిటింగు కలుపుకోవాలి. ఎవరైనా పాత 700 కొనేవాళ్ళుంటే మాత్రం ట్రిగ్గర్ సంగతి చూసుకోండి, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని కంపెనీయే రీకాల్ చేసింది, ఆ రిపేరు అయిందా లేదా అడక్కుండా కొనొద్దు.

22-250కి మారాలా అన్నావు. మంచి తూటానే, ఎన్నో ఏళ్ళు జనం సొంతంగా చేసుకుంటుంటే 1965లో రెమింగ్టన్ అధికారికంగా తీసుకొచ్చింది, .223 కంటే బాగా వేగం, గాలికి తక్కువ కదులుతుంది. కానీ నీకు వద్దు. మొదటిది, దాని వెనక భాగం పెద్దది, నీ బోల్ట్ తల సరిపోదు, బోల్ట్ తల మార్చాలి, మ్యాగజైన్ గొడవ ఉంటుంది. రెండోది, అంత మందు అంత చిన్న కన్నంలోంచి పోతే బ్యారెల్ గొంతు త్వరగా కాలిపోతుంది, ప్రెయిరీ డాగ్ ఊళ్ళో కూర్చుని గంటకి వంద కాలిస్తే ఇంకా త్వరగా. .223 బ్యారెల్ దానికి రెట్టింపు పైనే బతుకుతుంది. మూడోది, అసలైనది, ఒక్కో తూటా ఖరీదు. నువ్వు కొత్తగా నేర్చుకుంటున్నవాడివి, నీకు కావాల్సింది ఎక్కువ కాల్చడం. అడుగు ఎత్తు జంతువు మీదకి అంత వేగం తీసుకెళ్ళడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కాబట్టి .223లోనే ఉండు, బ్యారెల్ మార్చు. సావేజ్‌కి రెడీమేడ్‌గా చాంబర్ (తూటా కూర్చునే గది) కోసి పంపే బ్యారెళ్ళని ప్రీఫిట్ అంటారు, షైలెన్, క్రైటీరియన్ లాంటివాళ్ళు చేస్తారు, 350 నుంచి 450 మధ్యలో మంచివి దొరుకుతాయి. హెవీ లేదా వార్మింట్ కాంటూర్ (లావు బ్యారెల్ ఆకారం) తీసుకో, 24 అంగుళాల పొడవు చాలు, స్టెయిన్‌లెస్ తీసుకో. ట్విస్ట్ 1:8 అడుగు. ఇది ఎందుకంటే, బ్యారెల్ లోపల మెలికగా కోసిన గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో అదీ ట్విస్ట్, తూటా పొడవయ్యేకొద్దీ త్వరగా తిప్పాలి లేకపోతే గాలిలో తడబడుతుంది. పాత వార్మింట్ రైఫిళ్ళు 1:12తో వచ్చేవి, 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) దాకా బ్రహ్మాండం, అంతకు మించితే కష్టం. నీది ఇప్పుడు 1:9 అయ్యుంటుంది, 69 దాకా లాగుతుంది. 1:8 ఐతే 50 గ్రెయిన్ల వీమ్యాక్స్ (వేట తూటా) నుంచి 77 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ (పోటీ తూటా) దాకా అన్నీ కాల్చుకోవచ్చు, పొలానికీ రేంజికీ ఒకటే రైఫిల్. ఆర్డర్ పెట్టేముందు నీది స్మాల్ షాంకా లార్జ్ షాంకా (బ్యారెల్ వెనక మరల భాగం లావు) కొలుచుకో, స్మాల్ ఐతే మరలు 1.055 అంగుళాలు, మామూలు .223కి దాదాపు అదే ఉంటుంది, కానీ కొలవకుండా కొని నన్ను తిట్టకు.

నువ్వే మార్చుకోవచ్చా అంటే మార్చుకోవచ్చు, ఐతే రెండు పనిముట్లు తప్పనిసరి, బ్యారెల్ నట్ రెంచ్, హెడ్‌స్పేస్ గేజులు (బోల్ట్ మూసినప్పుడు తూటాకి సరైన చోటుందో లేదో కొలిచే గో, నో గో ముక్కలు). యూట్యూబ్‌లో ఎవడో కొత్త తూటానే గేజ్‌గా వాడి చూపిస్తాడు, వాడి మాట వినకు, గేజు ఖరీదు నీ కన్ను ఖరీదు కంటే తక్కువ. బ్యారెల్‌ని చెక్క దిమ్మెల మధ్య వైస్‌లో గట్టిగా పట్టించు, పాత నట్ మీద ముందు రోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి ఉంచు, ఫ్యాక్టరీ నట్ మొండికేస్తుంది, ఒక్కసారిగా ఢాం అని వదుల్తుంది, గుండె జారిపోతుంది, ఏం కాదు. కొత్త బ్యారెల్ తిప్పేముందు మరలకి గ్రీజు రాయి, రీకాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బని స్టాక్‌కి చేర్చే పలక) సూటిగా ఉందో లేదో చూసుకో, బోల్ట్‌లోంచి ఎజెక్టర్ (కాల్చిన తొడుగుని బయటికి తోసే పుల్ల) తీసేసి గో గేజు పెట్టి బోల్ట్ పూర్తిగా మూసి, బ్యారెల్‌ని చేత్తో తిప్పుకుంటూ గేజుకి తగిలేదాకా తీసుకురా, అక్కడ ఆపి నట్ బిగించు. బిగించేటప్పుడు బ్యారెల్ జుట్టంత తిరుగుతుంది, అందుకే మళ్ళీ చూడాలి. గో మీద బోల్ట్ పడాలి, నో గో మీద పడకూడదు. రెండూ సరిగ్గా వచ్చేదాకా విప్పి బిగిస్తూనే ఉండు, నాకు మొదటిసారి నాలుగుసార్లు పట్టింది. అయ్యాక కూడా మొదటిసారి కాబట్టి ఒక గన్‌స్మిత్‌కి చూపించు, ఇరవై ముప్పై డాలర్లు తీసుకుంటాడు, రాత్రి నిద్ర పడుతుంది. చేతులు వణికితే మొత్తం ఆయనకే ఇచ్చేయ్, సిగ్గుపడాల్సిందేం లేదు.

స్టాక్ సంగతి. కొత్త బ్యారెల్ లావు కాబట్టి పాత ప్లాస్టిక్ స్టాక్ గాడి చాలదు, లోపల ఇసుక కాగితంతో అరగదీయాలి, ఒక కర్రకి ఇసుక కాగితం చుట్టి గాడిలో ముందుకీ వెనక్కీ లాగితే చాలు, సాయంత్రం పని. మెత్తదనం పోవాలంటే ముందు భాగం గదుల్లో ఎపాక్సీ పోసి పాత కార్బన్ బాణాల పుల్లలు రెండు పొడుగ్గా పాతెయ్, ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు కాబట్టి ముందు గీకి చిన్న చిన్న కన్నాలు పెట్టు. చూడ్డానికి లోపల దరిద్రంగా ఉంటుంది, పై నుంచి ఎవరికీ కనపడదు, పట్టుకుంటే రాయిలా ఉంటుంది. డబ్బు మిగిలితే తర్వాత బాయిడ్స్ వాళ్ళ లామినేట్ చెక్క స్టాక్ కొనుక్కో.

బెడ్డింగ్ మాత్రం చెయ్. యాక్షన్ స్టాక్‌లో ప్రతిసారీ ఒకేలా కూర్చోవాలి, కాల్చిన ప్రతిసారీ వెంట్రుకవాసి జరిగితే గ్రూపు విచ్చుకుంటుంది, అందుకని మధ్య సందుల్లో ఎపాక్సీ నింపి యాక్షన్‌కి అచ్చు పోస్తాం. డెవ్‌కాన్, మెరైన్‌టెక్స్ లాంటివి వాడతారు. సావేజ్‌లో ఒక మెలిక ఉంది, వెనక తోక భాగం, టాంగ్ అంటారు, అది స్టాక్‌కి తగలకూడదు, గాల్లో ఉండాలి, అక్కడ ఎపాక్సీ వెయ్యకు. రీకాయిల్ లగ్ ముందూ పక్కలా కిందా టేప్ వేసి వెనక ముఖం మాత్రమే ఆనేట్టు చూసుకో. స్క్రూ కన్నాలు, ట్రిగ్గర్ గది అన్నీ పిల్లల మట్టి ముద్దతో మూసెయ్. రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ అతుక్కోకుండా పూసేది) రెండుసార్లు రాయి. మూడోసారి కూడా రాయి.

ఎందుకింత చెప్తున్నా అంటే ఒకసారి నేను ఒక స్క్రూ కన్నంలో రాయడం మర్చిపోయా. పొద్దున లేచి చూస్తే స్టాక్, యాక్షన్ ఒకటే ముక్క. సుత్తి పట్టుకుని ఏడుపొక్కటే తక్కువ. చివరికి రాత్రంతా మా ఇంటి పెద్ద ఫ్రీజర్లో పెట్టా, చలికి ఇనుము కాస్త ముడుచుకుంటుంది కదా, పొద్దున చెక్క సుత్తితో నాలుగు తడితే టక్కుమని ఊడింది. బోల్ట్ తీసేసే పెట్టా లే, కానీ మా ఆవిడ కరివేపాకు కవర్ కోసం తలుపు తీసి, ముందు తుపాకీని చూసి, తర్వాత నన్ను చూసిన చూపు ఉంది చూడు, అది నేను ఎప్పటికీ మర్చిపోను.

ట్రిగ్గర్‌కి డబ్బు పెట్టకు. నీ సావేజ్‌కి మధ్యలో చిన్న బ్లేడ్ ఉన్న అక్యుట్రిగ్గర్ ఉండుంటుంది, దాన్ని కంపెనీ ఇచ్చిన పనిముట్టుతో రెండు పౌండ్ల దగ్గరికి తగ్గించుకో, చాలు. తగ్గించాక తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ గట్టిగా కొట్టి మూసి చూడు, ఫైరింగ్ పిన్ దానంతట అది పడకూడదు.

స్కోప్‌కి 400, 450 దాకా పెట్టు. ఇక్కడ జనం రెండు తప్పులు చేస్తారు, ఒకటి 80 డాలర్లది కొనడం, రెండోది 25 రెట్లు 30 రెట్లు అని పెద్ద అంకె చూసి కొనడం. చవక స్కోప్‌లో పెద్ద అంకె అంటే పొగమంచులో దూరదర్శిని లాంటిది, మధ్యాహ్నం ఎండలో నేల మీంచి లేచే ఆవిరి కూడా పెద్దదై కనిపిస్తుంది, అంతే. 4 నుంచి 16 రెట్లు సరిపోతుంది, పారలాక్స్ తిప్పుకునే బిరడా ఉండాలి, క్లిక్కులు తిప్పి వెనక్కి తెస్తే మళ్ళీ అక్కడికే రావాలి. పారలాక్స్ అంటే, రైఫిల్ కదపకుండా తల మాత్రం కాస్త అటూ ఇటూ ఊపి చూడు, గీతలు టార్గెట్ మీద ఈదుతుంటే సరిగ్గా పెట్టలేదని అర్థం, కదలకుండా అతుక్కుని ఉండేదాకా తిప్పు. ఈ ఒక్క అలవాటుతో గ్రూపు చిక్కినవాళ్ళని చూశా.

లెక్క చూద్దాం. బ్యారెల్ 400, రెంచ్, గేజులు కలిపి ఓ 120, ఎపాక్సీ సామాను 40, స్కోప్ 450, బేస్, రింగులు 90, టార్క్ రెంచ్ 50. మొత్తం 1150. మిగిలిన 350 మొత్తం తూటాలకి, దాన్ని ఇంకేదానికీ కదపొద్దు. నాలుగైదు రకాలు ఒక్కో డబ్బా కొను, 50 లేదా 55 వీమ్యాక్స్ రెండు కంపెనీలవి, 69 మ్యాచ్, 77 మ్యాచ్, ఒక్కోటి పది తూటాల గ్రూపు కాల్చు, బాగా వేసిన ఒక్కదాన్ని ఎంచుకుని మిగతా డబ్బంతా అదే కొను. ఒకే ధర, ఒకే బరువు ఉన్న రెండు డబ్బాల మధ్య గ్రూపు సగానికి సగం తేడా వస్తుంది, ప్రతి బ్యారెల్‌కీ ఒక నోటి రుచి ఉంటుంది. కొత్త బ్యారెల్ మొదటి వంద, నూటయాభై తూటాల్లో వేగం కాస్త పెరుగుతుంది, కాబట్టి జీరో (తూటా గురి చుక్క మీదే పడేలా స్కోప్ సర్దడం) ఖరారు చెయ్యడం ఆ తర్వాతే. రీలోడింగ్ (తూటాలు ఇంట్లోనే నింపుకోవడం) ఇప్పుడే మొదలెట్టకు, మంచి విద్యే, కానీ ప్రెస్సు, డైలు, తక్కెడ అని ఇంకో 400 మింగుతుంది, ఈ ఏడాది కాల్చడం నేర్చుకో.

గాలి గురించి ఒక్క అంకె చెప్తా. 55 గ్రెయిన్ల .223 తూటాని గంటకి 10 మైళ్ళ అడ్డగాలి 300 గజాల్లో సుమారు 9, 10 అంగుళాలు పక్కకి నెడుతుంది. 10 మైళ్ళంటే మీ కాన్సాస్‌లో గాలి కిందే లెక్కెయ్యరు కదా. ప్రెయిరీ డాగ్ వెడల్పు మూడు నాలుగు అంగుళాలు అన్నాం, అంటే గాలిని నాలుగు మైళ్ళు తప్పు అంచనా వేసినా మిస్సే. గడ్డి ఎటు వంగింది, ఎండ ఆవిరి ఎటు పారుతోంది, ముందు తూటాకి దుమ్ము ఎక్కడ లేచింది, ఇవి చూడ్డం నేర్పేది ఆ 350 డాలర్ల తూటాలే, 1200 డాలర్ల యాక్షన్ కాదు.

పొలంలోకి వెళ్ళేముందు కొన్ని. లైసెన్సు, సీజను రూల్స్ రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకో, పొలం ఫ్రెండ్‌ది కాబట్టి నోటిమాటైనా సరే ప్రతిసారీ చెప్పి వెళ్ళు. నీ దగ్గరున్నవి నల్ల తోక రకం, వేరే రాష్ట్రాలకి వెళ్తే మాత్రం జాగ్రత్త, యూటా ప్రెయిరీ డాగ్ ఫెడరల్ రక్షణలో ఉంది. చచ్చినవాటిని చేత్తో ముట్టుకోకు, వాటి ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగుల్లో (ఫ్లీలు) ప్లేగు ఉండొచ్చు, నిజం ప్లేగే, కుక్కని తీసుకెళ్తే దాన్ని కూడా పోనివ్వకు. వెనక మట్టి కట్ట లేని చోట కాల్చకు, గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ జంతువు ఎంత ఊరించినా వదిలెయ్. బ్యారెల్‌ని చేత్తో పట్టుకోలేనంత వేడెక్కనివ్వకు, నీడలో బోల్ట్ తెరిచి పెట్టి గంగాళంలో మజ్జిగ తాగు, మళ్ళీ మొదలెట్టు. చెవులకి లోపల ప్లగ్గులు, పైన చెవి డొప్పలు (మఫ్స్), రెండూ.

ఇంకో మాట, ఇది నీకోసం కాదు, చదివే మిగతా మనవాళ్ళ కోసం. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్‌వన్‌బీ, ఎల్‌వన్, ఎఫ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నిషేధం, రేంజిలో అద్దెకి తీసుకుని పట్టుకున్నా అదే లెక్క. మినహాయింపులు ఉన్నాయి, అందులో ముఖ్యమైంది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. షాపులో ఫారం 4473లో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు, అక్కడ తప్పు టిక్కు పెడితే ఇమిగ్రేషన్ మొత్తం మునుగుతుంది. ఫ్రెండ్ తుపాకీయే కదా, ఒక్కసారి కాల్చి ఫొటో దిగుదాం అనేవాళ్ళు ముందు లాయర్ని అడగండి. ఇంట్లో పిల్లలుంటే సేఫ్ కొనడం ఈ 1500 లెక్కలోకి రాదు, అది ముందే ఉండాలి.

నీ పావు అంగుళం ప్రశ్నకి జవాబు, రాదు. ఇదంతా ఓపిగ్గా చేస్తే పది తూటాలు అంగుళం లోపల, మంచి డబ్బా దొరికితే ముప్పావు దగ్గర పడతాయి, ఆ మాట నిజంగా చెప్పగలిగేవాళ్ళు మీ రేంజిలో ఎంతమంది ఉన్నారో పది తూటాలు కాల్చి చూపించమని అడుగు, తెలుస్తుంది.

బ్యారెల్ ఆర్డర్ ఇప్పుడే పెట్టకు. ఈ వారం స్కోప్ స్క్రూలు, డాలర్ నోటు, పది తూటాల కాగితం, ఈ మూడూ చేసి ఆ కాగితం ఫొటో పంపు, పక్కన స్కేలు పెట్టి తియ్యి. అంగుళంన్నర లోపే ఉంటే పాత బ్యారెల్‌తోనే ఈ సీజను నడిపించి ఆ 400 కూడా తూటాలకే పెట్టమంటానేమో చూద్దాం.